ఎంపీ సభలో ఏం చేస్తాడు? వెనక బెంచీల పని మీద అపోహలు - వాస్తవాలు

లోక్‌సభలో 543 మంది ఉంటే, అందులో మంత్రులనూ పార్టీ నాయకులనూ తీసేస్తే మిగిలేవాళ్లే ఎక్కువ. వెనక వరుసల్లో కూర్చునే ఇలాంటి ఎంపీల దగ్గర పార్లమెంటు పని చూడటం నా ఉద్యోగం. ప్రశ్నలు రాయడం, నోటీసులు పెట్టడం, వచ్చిన జవాబు చదివి మళ్లీ ఉత్తరం రాయడం. నియోజకవర్గం నుంచి అర్జీలతో వచ్చినవాళ్లు బయట బెంచీల మీద మాట్లాడుకునేవి రోజూ వింటుంటాను. వాటిలో సగం అపోహలే. ఎంపీలు కూడా వాటిని పెద్దగా సరిదిద్దరు. కొన్ని అపోహలు వాళ్లకు లాభం మరి.

అపోహ: టీవీలో కనపడలేదంటే సభలో ఏమీ అడగలేదనే.

ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాల సమయం. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పేవి నక్షత్ర గుర్తు ప్రశ్నలు. రోజుకు 20 మాత్రమే జాబితాలోకి వస్తాయి, గంటలో అవి కూడా పూర్తికావు. నక్షత్ర గుర్తు లేనివి రోజుకు 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వక జవాబు వస్తుంది. ఒక సభ్యుడు రోజుకు ఐదు ప్రశ్నలకు నోటీసు ఇవ్వొచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న ఎక్కడికి చేరుతుందన్నది లాటరీ తేలుస్తుంది. అంటే మీ ఎంపీ టీవీలో కనపడటంలో సామర్థ్యం కొంత, అదృష్టం చాలా.

నన్నడిగితే రాతపూర్వక జవాబే మేలు. నోటితో చెప్పే జవాబులో మంత్రి నవ్వించవచ్చు, విషయం దాటేయవచ్చు. కాగితం మీద అంకెలు ఇవ్వక తప్పదు. ఆ కాగితం పట్టుకుని కలెక్టరేట్‌కైనా, రైల్వే డివిజన్ ఆఫీసుకైనా వెళ్లొచ్చు. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయం తీసేసినప్పుడు కూడా రాతపూర్వక జవాబులు ఆగలేదు. ఆ కొద్ది రోజులూ మా పని నడిచింది వాటితోనే.

అపోహ: ఎంపీ అన్నాక ఏ సమస్యైనా అడగొచ్చు.

మా దగ్గరికి వచ్చే అర్జీల్లో చాలావరకు రేషన్ కార్డు, పాస్‌బుక్కులో పేరు మార్పు, ఊళ్లో డ్రైనేజీ, పోలీస్ స్టేషన్ గొడవ లాంటివే. ఇవన్నీ రాష్ట్రం చూసుకునేవి. కేంద్ర ప్రభుత్వ బాధ్యత కాని విషయం మీద ప్రశ్న పెడితే లోక్‌సభ సచివాలయం తిప్పికొడుతుంది. 150 పదాలు దాటకూడదు, ఊహాగానాలు ఉండకూడదు, అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడగకూడదు. వచ్చినాయన మాత్రం "అదేంటి సార్, ఓటేసింది మీకే కదా" అంటాడు. ఆయన కోపంలో న్యాయముంది గానీ నిబంధన నిబంధనే.

ఇక్కడే మా పనితనం. ఊళ్లో తాగునీటి సమస్య రాష్ట్రానిది. జల్ జీవన్ మిషన్ కింద కేంద్రం ఎంత ఇచ్చింది, ఆ జిల్లాలో ఎంత ఖర్చయింది అన్నది మాత్రం కేంద్రాన్ని అడగొచ్చు. ఆస్పత్రి రాష్ట్రానిది, ఈఎస్ఐ కార్పొరేషన్ కేంద్రానిది. సమస్యలో కేంద్రానికి ముడిపడిన కొస ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. ఆ కొస లేనప్పుడు ఎమ్మెల్యేకో, రాష్ట్ర శాఖకో ఉత్తరం రాసి ఊరుకోవడమే నిజాయితీ. "సభలో లేవనెత్తుతాం" అని మాటిచ్చి పంపడం తేలిక. చాలామంది అదే చేస్తారు.

అపోహ: ప్రశ్న అడగడంలో ఏముంది, ఎవరైనా అడుగుతారు.

రైల్వే గేటు సంగతి తీసుకుందాం. ఊరి మధ్య గేటు, పడితే అరగంట లేవదు, అంబులెన్సులు ఆగిపోతాయి. ఊరివాళ్ల అర్జీలో "మా గేటు దగ్గర బ్రిడ్జి ఎప్పుడు కడతారు?" అని ఉంటుంది. అదే మాట ప్రశ్నగా పెడితే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు: వంతెనల మంజూరు నిరంతర ప్రక్రియ, భద్రతా అవసరం, రాకపోకల రద్దీ, నిధుల లభ్యత బట్టి చేపడతాం. చదవడానికి బాగుంటుంది, చేతికేమీ తగలదు. కొత్త రైలు హాల్టు అడిగినా దాదాపు ఇదే పల్లవి. రాష్ట్రంవారీగా ప్రాజెక్టుల లెక్క అడిగితే, మేం పనులు జోన్లవారీగా చేపడతాం, రాష్ట్రాలవారీగా కాదు అని మొదలుపెడతారు.

గేటు మీద వంతెన అర్హతకు రైల్వే చూసే లెక్క ఒకటుంది, టీవీయూ అంటారు. 24 గంటల్లో వెళ్లే రైళ్ల సంఖ్యను గేటు దాటే వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చేది. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకుని వంతెన కట్టడానికి దారి ఏర్పడుతుంది. అందుకని నేను ప్రశ్న ఇలా విడగొడతాను: (ఎ) ఫలానా నంబరు గేటు దగ్గర చివరిసారి వాహనాల లెక్కింపు ఎప్పుడు జరిగింది, టీవీయూ ఎంత వచ్చింది, (బి) వంతెన మంజూరైందా, అయితే ఏ ఏడాది, అంచనా వ్యయమెంత, ఇప్పటిదాకా ఖర్చెంత, (సి) ఖర్చులో వాటాకు రాష్ట్రం ఒప్పుకుందా, భూసేకరణ ఏ దశలో ఉంది, (డి) ఆలస్యానికి కారణం ఏమిటి?

ఈ నాలుగింటికీ "నిరంతర ప్రక్రియ" అని తప్పించుకోవడం కష్టం. జవాబులో టీవీయూ లక్షకు కాస్త తక్కువుందని వస్తే, లెక్క పాతదని, మళ్లీ లెక్కించమని డివిజన్‌కు రాస్తాం. రాష్ట్రం నుంచి అంగీకారం రాలేదని వస్తే మా యుద్ధం ఢిల్లీలో కాదు, రాష్ట్ర రాజధానిలో. ఎవరి దగ్గర ఫైలు ఆగిందో తెలియడమే ఆ ప్రశ్నకు దక్కిన ఫలితం. వంతెన ఆ తర్వాతి మాట. ప్రశ్న వేసిన మర్నాడే "మా ఎంపీ కృషితో వంతెన" అని ఫ్లెక్సీ కట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: జీరో అవర్‌లో ఎవరైనా లేచి మాట్లాడేయొచ్చు, మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలి.

రెండూ తప్పే. జీరో అవర్ అంటే ప్రశ్నోత్తరాలయ్యాక అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. ఆ మాట నిబంధనల పుస్తకంలోనే లేదు, ఆనవాయితీగా వస్తోంది. దానికీ నోటీసుంది, లాటరీ ఉంది. దక్కేది ఒకటి రెండు నిమిషాలు. జవాబివ్వాలన్న నియమం మంత్రికి లేదు.

దానికంటే, సమస్యను రాతపూర్వకంగా సభ దృష్టికి తెచ్చే 377వ నిబంధన నాకు ఇష్టం. 250 పదాలకు మించని పాఠం ముందే ఇవ్వాలి, ఆమోదం పొందిన పాఠాన్నే చదవాలి లేదా సభకు సమర్పించాలి. ఆవేశానికి చోటు లేదు కాబట్టి వీడియోలకు పనికిరాదు. తర్వాత సంబంధిత మంత్రి నుంచి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఆలస్యమైతే గుర్తుచేస్తూ ఉత్తరం రాయడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది.

అపోహ: మంత్రి "పరిశీలిస్తాం" అన్నాడంటే చెత్తబుట్టే.

చాలాసార్లు అలాగే అవుతుంది, ఒప్పుకుంటాను. కానీ సభలో మంత్రి ఇచ్చే ఇలాంటి మాటల మీద నిఘా పెట్టడానికే ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. లోక్‌సభలో 1953 నుంచి పనిచేస్తోంది. హామీగా నమోదైనదాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పెంచమని శాఖ కమిటీనే అడగాలి. మేం జవాబు చేతికి రాగానే చూసేది ఇదే: ఇందులో హామీగా నమోదయ్యే వాక్యం ఉందా? ఉంటే ఆ ఫైలును కనిపెట్టుకుని ఉంటాం. పత్రికలు ఈ కమిటీని దాదాపు పట్టించుకోవు.

అపోహ: అధికార పార్టీ ఎంపీ నోరు మెదిపితే పదవి పోతుంది.

1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం కింద విప్‌కు, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వం పోతుంది. సొంత ప్రభుత్వాన్ని ఇబ్బందిపెట్టే ప్రశ్న అడిగినందుకు పోదు. 1957లో ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ ఎంపీ, ప్రధాని నెహ్రూ ఆయన సొంత మామగారు. అయినా ఎల్ఐసీ డబ్బును వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో పెట్టిన వ్యవహారాన్ని లోక్‌సభలో బయటపెట్టాడు. విచారణ జరిగి 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఇప్పటి భయం వేరు. సభ్యత్వం గురించి కాదు, వచ్చే ఎన్నికల టికెట్ గురించి. అందుకే అధికార పార్టీ ఎంపీలు అసలు మాటలు స్థాయీ సంఘాల్లో, అంటే పార్లమెంటు కమిటీల్లో, మాట్లాడతారు. శాఖలవారీగా ఇలాంటివి 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో 31 మంది సభ్యులు. తలుపులు మూసి జరుగుతాయి, కెమెరాలుండవు, మంత్రులు సభ్యులుగా ఉండకూడదు. కార్యదర్శి స్థాయి అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి పార్టీలకతీతంగా నిలదీయడం అక్కడ మామూలే. సభలో ఖాళీ కుర్చీలు చూపించి "ఎంపీలు ఎక్కడ?" అనేవాళ్లకు సగం జవాబు ఇది. మిగతా సగం మీరు ఊహించుకున్నదే.

అపోహ: ఎక్కువ ప్రశ్నలడిగినవాడే మంచి ఎంపీ.

ఏటా ఈ ర్యాంకుల పండగొకటి. ఒకే ప్రశ్నకు పలువురి పేర్లు కలిపేస్తారు, అందరి ఖాతాలోనూ ఒకటి పడుతుంది. "దేశంలో మొత్తం ఎన్ని, రాష్ట్రంవారీగా వివరాలు" అని ఒకే మూసలో శాఖ పేరు మార్చి పెట్టే ప్రశ్నలు కోకొల్లలు. మంత్రులు ప్రశ్నలడగరు కాబట్టి వాళ్ల లెక్క సున్నా. సంఖ్య చూడకండి. మీ ఎంపీ పేరు మీద లోక్‌సభ వెబ్‌సైట్లో ప్రశ్నలన్నీ దొరుకుతాయి, ఒక పది తెరిచి చదవండి. మీ జిల్లా పేరు ఎన్నింట్లో ఉందో, మొదటి జవాబు మీద రెండో ప్రశ్న వేశారో లేదో పావుగంటలో తెలిసిపోతుంది.

అపోహ: ఏడాదికి ఐదు కోట్లు ఎంపీ చేతికొస్తాయి.

రావు. ఇవి ఎంపీ ల్యాడ్స్ అనే స్థానిక అభివృద్ధి పథకం నిధులు. ఎంపీ పని సిఫార్సు చేస్తారు, మంజూరు, టెండర్లు, బిల్లులు జిల్లా యంత్రాంగానివి. 1993లో పథకం మొదలైనప్పుడు ఐదు లక్షలు, 2011-12 నుంచి ఐదు కోట్లు. ఒక లోక్‌సభ నియోజకవర్గంలో మన రాష్ట్రాల్లో మామూలుగా ఏడు అసెంబ్లీ స్థానాలు. పంచి చూసుకోండి.

అపోహ: హిందీ, ఇంగ్లీష్ రాకపోతే ఢిల్లీలో మూగే.

ముందుగా చెబితే తెలుగులో మాట్లాడొచ్చు, అనువాదకులుంటారు. రాజ్యాంగం 120వ అధికరణమే మాతృభాషకు వీలిచ్చింది. అయితే ప్రశ్నకు మంత్రి ఇంగ్లీషులో ఇచ్చిన జవాబు విని వెంటనే అనుబంధ ప్రశ్న వేయాలంటే హెడ్‌ఫోన్ మీద ఆధారపడటం ఇబ్బందే. అందుకే వచ్చే అవకాశమున్న మూడు నాలుగు జవాబులకు అనుబంధ ప్రశ్నలు ముందే తెలుగులో రాసి జేబులో పెడతాం.

అపోహ: ప్రైవేటు బిల్లులు కాలక్షేపం.

ప్రైవేటు బిల్లంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు. చట్టమైనవి ఇప్పటిదాకా 14, చివరిది 1970లో. ఆ లెక్కన కాలక్షేపమే. కానీ డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించాక, ప్రభుత్వం తన సొంత బిల్లు తేవాల్సి వచ్చింది. 2019లో చట్టమైంది. అది శివ గారు కోరుకున్నట్టు లేదన్నది వేరే సంగతి.

చివరగా అర్జీతో వచ్చేవాళ్లకు. ఊరందరి సంతకాలకంటే మాకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి: గేటు నంబరు, రోడ్డు పనైతే పథకం పేరు, మంజూరు ఉత్తర్వు నకలు, ఇప్పటికే ఏ ఆఫీసుకు రాశారో ఆ తేదీ, వాళ్లిచ్చిన జవాబు. ఇవి ఒక్క పేజీలో ఉంటే ప్రశ్న ఆ సాయంత్రమే తయారవుతుంది. సమావేశాలు మొదలయ్యాక తెస్తే 15 రోజుల నోటీసు గడువు వల్ల చాలాసార్లు తర్వాతి సమావేశాల దాకా ఆగాల్సిందే. కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే రండి.