పావురాల నెట్ కట్టించినాం కదా, ఇంక పిల్లికేం భయం? - కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, పావురాల నెట్‌కి స్క్వేర్ ఫీట్ ఎంత?" అని ఫోన్ వస్తుంది. కొలతలకి పోతే పావురాల సంగతి ఒక్క ముక్క మాట్లాడరు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద ఒక పిల్లి కూర్చోని నా టేపు వంక చూస్తా ఉంటుంది. తిరుపతిలో పదకొండేళ్ళుగా బాల్కనీ నెట్లు కట్టే పని నాది. మొదట్లో అంతా పావురాల గొడవే, ఈ నాలుగైదేళ్ళలో పిల్లుల్ని పెంచేవాళ్ళు బాగా జాస్తి అయినారు, రూము తీసుకోని ఉండే స్టూడెంట్ పిల్లల కాడ్నించి రిటైరైన మాస్టర్ల దాకా. అందరూ అవే మాటలు చెప్తారు నాకు. అవన్నీ ఒక చోట రాద్దామని కూర్చున్నా.

అపోహ: పిల్లికి బ్యాలెన్స్ ఉంటుంది, అది పడదు

బ్యాలెన్స్ ఉంటుంది, కాదన్లేదు. గోడ మీది పిల్లి అని మనకి సామెతే ఉంది కదా, ఎటు దూకుతుందో మనకి తెలీకపోయినా దానికి తెలుసులే అని ధైర్యం. కానీ పిల్లి పడేది బ్యాలెన్స్ లేక కాదు, ధ్యాస ఇంకోదాని మీదికి పోయి.

ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క ఒక అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్. చారల పిల్లి ఒకటి పిట్టగోడ పైన వేసిన గ్రానైట్ పలక మీద కూర్చోనుంది, పలక వెడల్పు జానెడు కూడా లేదు, తోక బయటికి వేలాడతా ఉంది. ఓనరమ్మ "రోజూ ఆడే కూర్చుంటుందన్నా, ఏం కాదు" అని కాఫీ గ్లాసు చేతికిస్తా ఉంది, అంతలో పక్క ఫ్లాట్ సన్‌షేడ్ మీద ఒక పావురం వచ్చి వాలింది. పిల్లి దవడ టకటకా కొట్టుకుంటా కిచకిచమని సౌండు మొదలుపెట్టింది (పెంచేవాళ్ళకి తెలుసు ఆ సౌండు), వెనక కాళ్ళు రెండూ దగ్గరికి లాక్కోని నడుము రవ్వంత ఊపింది. నేను టేపూ గ్లాసూ రెండూ వదిలేసి మెడ మీది తోలు పట్టుకోని లోపలికి లాగేసినా. ముంజేతి మీద మూడు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నిమిషంలో దానికి పావురం కనపడింది గానీ నాలుగు ఫ్లోర్లు కనపడలేదు.

ఇంకోటి, పిల్లికి పట్టు అంతా గోర్లలోనే. చింతమాను బెరడులో గోరు దిగుతుంది, అందుకే చెట్టు మీద దానికి అంత ధీమా. గ్రానైట్ మీద, స్టీల్ రెయిలింగ్ పైపు మీద గోరు యాడ దిగుతుంది? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి పడే వానల్లో ఆ పైపు తడిసి ఉంటే ఇంక చెప్పే పని లేదు. మంచి నిద్రలో దొర్లి పడిపోయేవి కూడా ఉన్నాయి. కూనలైతే మరీ, వాటికి దూకుడెక్కువ, అంచనా తక్కువ. క్రొయేషియాలో జాగ్రెబ్ అనే ఊర్లో డాక్టర్లు ఇట్లా పడిన 119 పిల్లుల లెక్కలు తీసి 2004లో రాసినారు, వందలో దాదాపు 60 ఏడాది లోపు వయసువే.

అపోహ: ఎట్లా పడినా కాళ్ళ మీదే పడుతుంది, పైనుంచి పడితే ఇంకా సేఫ్

కాళ్ళ మీద పడేమాట నిజమే. గాల్లోనే ఒళ్ళు తిప్పుకుంటుంది, 1894లోనే ఫ్రాన్స్‌లో మారే అనే ఆయన వరసగా ఫోటోలు తీసి చూపించినాడు. అయితే కాళ్ళ మీద పడితే దెబ్బ తగలదు అని ఎవరు చెప్పినారు? నాకు తెలిసిన పశువుల డాక్టరు సార్ చెయ్యి పెట్టి చూపించినాడు: ముందు నాలుగు కాళ్ళు నేలకి తగుల్తాయి, ఆ వేగానికి కాళ్ళు మడుచుకుపోయి వెంటనే రొమ్మూ గడ్డమూ పోయి నేలకి కొట్టుకుంటాయి. అందుకే దవడ విరగడం, నోట్లో పైన అంగిలి చీలిపోవడం, ఊపిరితిత్తులు కమిలిపోవడం, ఉచ్చసంచి పగలడం, ఇవన్నీ కాళ్ళ మీద పడిన పిల్లులకే.

ఎత్తు పెరిగేకొద్దీ సేఫ్ అనే మాట వెనక ఒక కథ ఉంది. 1987లో న్యూయార్క్‌లో ఒక జంతువుల ఆసుపత్రి డాక్టర్లు అట్లా పడి వచ్చిన 132 పిల్లుల వివరాలు రాసినారు. సగటున ఐదున్నర ఫ్లోర్ల ఎత్తు, వైద్యం చేసినవాటిలో వందకి 90 బతికినాయి. ఏడు ఫ్లోర్లు దాటినాక దెబ్బలు తగ్గినట్టు కూడా కనపడింది, పిల్లి గంటకి 97 కిలోమీటర్ల దాకా వేగం అందుకున్నాక ఇంక వేగం పెరగదు, అప్పుడు ఒళ్ళు వదులు చేసి చాపుకుంటుంది అని కారణం చెప్పినారు. సరే, బాగుంది. కానీ ఇది ఆసుపత్రికి తెచ్చిన పిల్లుల లెక్క. కిందపడి ఆడే చచ్చిపోయినదాన్ని ఆటోలో వేసుకోని ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు? ఆ జాగ్రెబ్ లెక్కలో అయితే ఏడూ ఆపైన ఫ్లోర్ల నుంచి పడినవాటికి రొమ్ములో దెబ్బలు ఇంకా జాస్తి. అయినా నేను తిరిగే అపార్ట్‌మెంట్లు ఎక్కువ స్టిల్ట్ (కింద బండ్లు పెట్టుకునే ఖాళీ) మీద ఐదు ఫ్లోర్లవే, మనకి ఏడో ఫ్లోర్ వాదనతో పనేం లేదు.

ఫస్ట్ ఫ్లోరే కదా అనేవాళ్ళకి: తక్కువ ఎత్తు నుంచి పడేటప్పుడు ఒళ్ళు తిప్పుకునేదానికి టైము కూడా తక్కువ, ఇంక కింద స్కూటర్ల స్టాండ్లు, వీధి కుక్కలు మీకే తెలుసు.

అపోహ: పావురాల నెట్ ఉంటే పిల్లికి చాలు

ఇది రాసేదానికే మొదలుపెట్టినా అసలు. పావురాల నెట్ బయటదాన్ని లోపలికి రానీకుండా కట్టేది. పావురం నెట్‌ని తొయ్యదు, కొరకదు, వచ్చి తగిలి వెనక్కి పోతుంది. పిల్లి లోపల ఉంటుంది, పొద్దస్తమానం పని లేకుండా ఉంటుంది, ఎక్కడ వదులుగా ఉందో తల పెట్టి పెట్టి చూస్తుంది. రెండిటికీ ఒకటే నెట్ ఒకటే మాదిరి కడితే ఏమవుతుందో నాకు నా పనిలోనే తెలిసొచ్చింది.

పని మొదలుపెట్టిన రెండో ఏడో మూడో ఏడో, కొర్లగుంట వైపు ఒక ఇంట్లో మూడో ఫ్లోర్ బాల్కనీకి మామూలు నైలాన్ నెట్ కట్టినా, కింద హుక్కులు అడుగున్నరకి ఒకటి కొట్టినా, పావురాలకి అది చాలు. ఆ ఇంట్లో పిల్లి ఉందని తెలుసు, చూసినా కూడా. నెలన్నర తర్వాత ఆ అక్క ఫోన్ చేసింది, తిట్టలేదు, "ఒకసారి వచ్చి చూడు తమ్ముడూ" అనింది. పోయి చూస్తే ఎడమ పక్క కింది మూలలో రెండు హుక్కుల మధ్య నెట్ సాగి నా పిడికిలి దూరే సందు అయింది, ఆ అంచుకి బూడిద రంగు బొచ్చు అతుక్కోనుంది. పిల్లికి దవడ విరిగి తీగ వేసి కట్టినారు, ఇరవై రోజులు సిరంజితో పట్టించినారు అన్నం రసం. బతికింది. నేను డబ్బు తీసుకోకుండా మళ్ళీ కట్టినా, అది పెద్ద గొప్పేం కాదులెండి.

అప్పట్నించి నేను పాటించేవి చెప్తా, ఎవరి దగ్గర కట్టించుకున్నా ఇవి అడగండి. పావురాల నెట్ కన్ను (దారాల మధ్య సందు) రెండు అంగుళాలు, 50 మిల్లీమీటర్లు ఉంటుంది. పిల్లికి తల దూరితే ఒళ్ళంతా దూరినట్టే, ఎందుకంటే దాని మెడ కింది ఎముక మనకి మాదిరి భుజానికి బిగుసుకోని ఉండదు. అందుకని అంగుళం, మహా అంటే అంగుళంపావు కన్ను. కింది వరస హుక్కులు అర్ధడుగుకి ఒకటి, మూలల్లో రెండేసి. నెట్ అంచు చుట్టూ లావు తాడు ఎక్కించి ఆ తాడుని హుక్కులకి లాగి కట్టాల, ఉత్తి నెట్ కన్నుని హుక్కుకి తగిలించి పోతే ఒప్పుకోవద్దు. పని అయినాక నా ఎదురుగానే రెండు చేతులతో కింది మూల గట్టిగా తొయ్యమంటా కస్టమర్ని, సందు పడితే మళ్ళీ బిగిస్తా.

పైన శ్లాబు దాకా మూసేయాల. "నాలుగడుగుల వరకు చాలు, వ్యూ పోతుంది" అంటారు, నాలుగడుగులు మంచి పిల్లికి ఒక్క గెంతు.

నైలాన్‌ని కొరికే పిల్లి అయితే స్టీల్ మెష్‌కి పోండి, అల్యూమినియం ఫ్రేములో వేసింది. దానికి నాకు మజూరీ ఎక్కువ వస్తుంది, అందుకే చెప్తున్నానని అనుకున్నా సరే. ఇప్పుడు అందరూ అడిగే ఇన్విజిబుల్ గ్రిల్ ఉంది కదా, సన్న స్టీల్ తీగలు రెండేసి అంగుళాలకి లాగి కట్టేది, పిల్లల సేఫ్టీకి బాగుంటుంది గానీ కూన ఆ సందులోంచి హాయిగా పోతుంది, పెద్ద పిల్లి కూడా తీగ వదులైతే తల పెట్టి పక్కకి జరుపుతుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్ళకి నేను నైలాన్ కట్టనే కట్టను. కోతులు. నేను నిచ్చెన దించేలోపల అవి చింపి పారేస్తాయి.

కిటికీకి దోమల మెష్ ఉంది కదా అంటారు, అది దోమలకే. ఫైబర్ మెష్ నాలుగు సార్లు గోరు పెడితే చినుగుతుంది, వెల్‌క్రోతో అతికించింది అయితే పిల్లి బరువుకి మొత్తం ఊడి పిల్లితో పాటే కిందికి పోతుంది.

అపోహ: తాడు కట్టేసి వదిలితే నెట్ ఖర్చు మిగులుతుంది

వద్దు. మెడ పట్టీకి తాడు కట్టి బాల్కనీలో వదిలితే, గోడ దూకినప్పుడు అది ఉరి. హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) అయినా మీరు పక్కన ఉన్నంతసేపే.

అపోహ: నెట్ కట్టినాం, ఇంక పగలంతా బాల్కనీలోనే ఉంచచ్చు

మే నెలలో మనూర్లో పడమటి బాల్కనీ టైల్స్ మీద చెప్పుల్లేకుండా మీరు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. పిల్లికి చెమట అరికాళ్ళలో తప్ప పెద్దగా పట్టదు. అది కుక్క మాదిరి నోరు తెరిచి రొప్పుతుందంటే వేడి ఎక్కువైందని అర్థం, వెంటనే లోపలికి తేవాల, తడిగుడ్డతో ఒళ్ళు తుడవాల, తగ్గకుంటే ఆసుపత్రే. బాల్కనీ తలుపు ఎప్పుడూ పిల్లి పట్టేంత తెరిచే ఉండాల, నీడా నీళ్ళూ ఉండాల.

కుండీలు కూడా ఒకసారి చూసుకోండి. గన్నేరు గుండెకి విషం, సైకస్ లివర్‌కి. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ అయితే ఆకో పుప్పొడో రవ్వంత నాకినా కిడ్నీలు పోతాయి (మన పూలంగట్లో దండకి కట్టే లిల్లీ గురించి కాదు నేను చెప్పేది, అది వేరే). మనీప్లాంట్ కొరికితే నోరు మండి చొంగ కారుస్తుంది. తులసి ఉంటే ఉండనీండి.

అపోహ: పడింది గానీ లేచి నడిచింది, ఏం కాలేదు

నడుస్తుంది. భయంలో పరిగెత్తుతుంది కూడా, పోయి స్టిల్ట్‌లో కార్ల కింద, మోటార్ రూములో దూరి కూర్చుంటుంది, అందుకే దూరం పోకుండా ముందు ఆ చుట్టుపక్కలే రాత్రిపూట టార్చ్ పట్టుకోని వెతకండి. లోపలి దెబ్బలు గంటల తర్వాత బయటపడతాయి. దొరికితే టవల్ పరిచిన అట్టపెట్టెలో పడుకోబెట్టి అదే రోజు డాక్టరుకి చూపించండి, మన వెటర్నరీ కాలేజీకి ఆసుపత్రి ఉంది కదా. పాలు పట్టద్దు, తిండి పెట్టద్దు, ఆపరేషన్ అవసరమైతే అడ్డం. నొప్పికి అని ఇంట్లో ఉండే పారాసిటమాల్ మాత్రం చచ్చినా వెయ్యద్దు, ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోతుంది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, నోటితో ఊపిరి పీలుస్తున్నా, ఉచ్చ పోయకపోయినా పొద్దున్న చూద్దాంలే అనద్దు.

అపోహ: అసోసియేషన్ వాళ్ళు పిల్లినే వద్దంటారు, ఇంక నెట్ ఏం కట్టనిస్తారు

భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, మెజారిటీతో తీర్మానం చేసినా సరే పెంపుడు జంతువుల్ని వద్దనేదానికి అసోసియేషన్‌కి వీల్లేదు. నెట్ సంగతి వేరే, అది ఎలివేషన్ (బిల్డింగ్ బయటికి కనపడే రూపం) గొడవ, ముందే ఒక లెటర్ ఇచ్చి రెయిలింగ్‌కి లోపలి పక్క కట్టించుకోండి, సగం తగాదా తప్పుతుంది. అద్దె ఇంట్లో ఓనరు డ్రిల్ వద్దంటే కింద నుంచి శ్లాబు దాకా బిగిసి నిలబడే పైపు ఫ్రేము చేయించచ్చు, ఎత్తుకోని పోవచ్చు.

పాత నైలాన్ నెట్ ఉన్నవాళ్ళు ఇది చదివినాక ఒకసారి బాల్కనీలోకి పోయి ఎండ తగిలే పక్క దారాన్ని బొటనవేలితో రుద్ది చూడండి. తెల్లగా పొడి రాలితే దాంట్లో ఇంక పస లేదు, మార్చేయాల. ఎవరికైనా ఫోన్ చెయ్యండి, నాకే చెయ్యాలని లేదు, కానీ పావురాలకి అని మాత్రం చెప్పద్దు, పిల్లికి అని చెప్పండి.