పల్లీలు పడని ఇంట్లో సాలన్

హైదరాబాద్ వంటలో పల్లీలను తప్పించడం కష్టం. పొద్దున ఇడ్లీ పక్కన పల్లి చట్నీ, పండగనాడు పులిహోరలో పలుకులు, పిల్లల చేతిలో పల్లిపట్టి, బిర్యానీతో పాటు వచ్చే మిర్చీ కా సాలన్. సాలన్‌కూ బగారా బైంగన్‌కూ ప్రాణమంతా ఒక ముద్దలోనే ఉంటుంది: వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి కలిపి మెత్తగా నూరిన ముద్ద. బిడ్డకు పల్లీలు పడవని తేలాక ఏవి తినకూడదో డాక్టరు చెబుతారు. ఆ ముద్దలో పల్లీల బదులు ఏం నూరాలో మాత్రం వంటింట్లో ఉన్నవాళ్లే తేల్చుకోవాలి. పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజలు ఆ పని చక్కగా చేస్తాయి. కాకపోతే వాటి స్వభావం తెలిసి వండాలి.

అలెర్జీ వచ్చేది గింజలోని కొన్ని ప్రోటీన్ల వల్ల. ఆ ప్రోటీన్ల పోలికలు చాలావరకు మొక్కల చుట్టరికాన్ని బట్టి నడుస్తాయి. పల్లీ చిక్కుడు కుటుంబానిది. కంది, శనగ దాని దాయాదులు. జీడిపప్పు మామిడి కుటుంబంలోది, పిస్తా కూడా అక్కడిదే. అందుకే జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు. బాదం గులాబీ కుటుంబానిది. పొద్దుతిరుగుడు వీటన్నిటికీ దూరంగా, చామంతి, బంతి పూల కుటుంబంలో ఉంది. కాబట్టి పల్లీలు పడని చాలామందికి ఇది పడుతుంది. కొద్దిమందికి ఇది కూడా పడదు కనుక మొదటిసారి పెట్టే ముందు అలెర్జీ డాక్టరును అడిగి తీరాలి. ఇంకో మాట: బాగా వేయిస్తే దోషం పోతుందని కొందరు పెద్దవాళ్లు అంటారు. పల్లీల విషయంలో అది ప్రమాదకరమైన నమ్మకం. పొడిగా వేయించినప్పుడు వాటి అలెర్జీ ప్రోటీన్లు నశించవు సరికదా, మరింత గట్టిగా పనిచేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది.

ఇక గిన్నెలో ఏం జరుగుతుందో చూద్దాం. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 49 గ్రాముల కొవ్వు, 26 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. అంతే బరువున్న పొద్దుతిరుగుడు పప్పులో కొవ్వు 51 గ్రాములు, ప్రోటీన్ 21 గ్రాములు. ఈ దగ్గరితనం వల్లే సాలన్ చిక్కదనం చెడదు. గింజలో నూనె అతి చిన్న బొట్లుగా, ప్రోటీన్ పొర చుట్టుకుని ఉంటుంది. నీళ్లు చిలకరిస్తూ నూరితే ఆ బొట్లు నీటిలో చెదిరి తెల్లని, చిక్కని ముద్ద అవుతుంది. దాన్ని సన్నని మంట మీద ఉడికిస్తుంటే నీరు ఇగిరి, పొరలు వీడి, బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. "నూనె పైకి తేలేదాకా ఉడకనివ్వు" అని అమ్మలు చెప్పేది సరిగ్గా ఈ ఘట్టం గురించే. పొద్దుతిరుగుడు ముద్ద కూడా అలాగే నూనె తేలుతుంది. కొలత మార్చక్కర్లేదు, పల్లీలు ఎన్ని వేస్తారో ఇవీ అన్నే.

వేయించడంలో తేడా ఉంది. ఈ పప్పు పల్లీ కంటే చిన్నది, పలుచనిది. చూస్తుండగానే మాడుతుంది, మాడితే చేదెక్కుతుంది. సన్నని మంట మీద కలుపుతూ లేత బంగారు రంగు రాగానే పళ్లెంలోకి తీసేయాలి. బాణలిలోనే వదిలితే ఆ వేడికే నల్లబడుతుంది.

ఈ గింజలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి దాని రంగు మారడం. బజ్జీల పిండిలోనో, ఇంట్లో చేసే బిస్కెట్లలోనో ఈ గింజల పొడి వేసి వంటసోడా కలిపితే, చల్లారాక లోపల ఆకుపచ్చగా మారుతుంది. బూజు పట్టిందనుకుని పారేస్తారు. అది బూజు కాదు, హాని కూడా లేదు. ఈ పప్పు బరువులో ఒకటి నుంచి నాలుగు శాతం దాకా క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది. సోడా వల్ల పిండి క్షారగుణంలోకి వెళ్తే ఆ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, ఆపై ప్రోటీన్లలోని లైసిన్ అనే భాగంతో కలిసి ఆకుపచ్చ రంగునిస్తుంది. పులుపు ఉన్నచోట ఈ చర్య సాగదు. కోసిన వంకాయ నల్లబడటానికి మూలం కూడా ఇదే ఆమ్లం! అంటే బగారా బైంగన్‌లో పల్లీల బదులు ఈ గింజలు వేస్తే, వంకాయలోనూ ముద్దలోనూ ఒకటే పదార్థం ఉంటుంది, రెంటినీ చింతపండు పులుసే కాపాడుతుంది. సాలన్, పులిసిన దోసెల పిండి, నిమ్మరసం పిండిన చట్నీ, అన్నీ పుల్లనివే కాబట్టి భయం లేదు. బిస్కెట్లకైతే సోడా తగ్గించి కాస్త పెరుగు కలపండి. మనం రోజూ వాడే శుద్ధి చేసిన సన్‌ఫ్లవర్ నూనెలోకి ఈ ఆమ్లం రాదు, నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. అందుకే ఏళ్లుగా ఆ నూనె వాడుతున్న ఇళ్లలోనూ ఈ ఆకుపచ్చ రంగు కొత్తగా కనిపిస్తుంది.

చట్నీకి నేను చేసే పద్ధతి: వేయించిన గింజలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, చిన్న చింతపండు రెబ్బ, ఉప్పు వేసి రుబ్బి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు. పల్లి చట్నీలోని తీపి వాసన రాదు, రాదని ఒప్పుకోవడమే మేలు. గుప్పెడు పుట్నాలు కలిపితే ఆ లోటు చాలావరకు తీరుతుంది, శనగ పడేవాళ్లయితేనే సుమా. ఈ గింజల ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, పప్పుల్లో ఎక్కువ కనుక పోషణకూ ఆ జోడీ మంచిది. విటమిన్ ఇ విషయంలో మాత్రం దీనికి సాటి వచ్చేవి తక్కువ: వంద గ్రాములకు 35 మిల్లీగ్రాములు.

కొవ్వులో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం. పల్లీల్లో ఎక్కువగా ఉండే ఒలీక్ ఆమ్లం కంటే ఇది గాలికి, వేడికి చాలా త్వరగా చెడుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో డబ్బా బయట పెడితే ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. పచ్చి గింజలు ఫ్రిజ్‌లో పెట్టి, కావలసినప్పుడు కావలసినన్ని వేయించుకోవాలి.

పథ్యం అలెర్జీ వల్ల కాక మూత్రపిండాల జబ్బు వల్ల అయితే లెక్క వేరు. వంద గ్రాముల్లో 660 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, 645 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్నాయి. వాళ్లు ఎంత తినాలో డైటీషియన్ చెప్పాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకు పిండిపదార్థం తక్కువ కాబట్టి అనుకూలమే, అయితే వంద గ్రాములకు 580 కేలరీలు దాటుతాయని మరవకూడదు.

కొనడంలో జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. బేగంబజార్ లాంటి చోట విడిగా అమ్మే గింజల పక్కనే పల్లీలు, జీడిపప్పు బస్తాలు ఉంటాయి. గరిటె ఒకటే, తక్కెడ ఒకటే. తీవ్రమైన అలెర్జీకి ఆ గరిటెకు అంటిన పొడి చాలు. సీల్ ఉన్న ప్యాకెట్లే కొని, ఇంట్లో ఈ గింజలకు వేరే మిక్సీ జార్ పెట్టుకోవాలి. ప్యాకెట్ ఆహారాల మీద పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, పాలు, గుడ్లు ఉంటే అలెర్జీ సమాచారంగా విడిగా రాయాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాలో పొద్దుతిరుగుడు లేదు. కాబట్టి ఈ గింజే పడనివాళ్లు ఆ ఒక్క వాక్యంతో ఆగకుండా పదార్థాల పట్టీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి.