తాతయ్య ఆల్బమ్‌లో ఉన్నది ఎవరంటే

చింటూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో "ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫొటోలు ఇన్ని ఎందుకు తాతయ్యా" అని ఒకటే నవ్వారు కదా, ఫోన్లో చెబితే సగం వినరని ఉత్తరం రాస్తున్నాను.

అవన్నీ మీ ఊరివే. బెర్లిన్ వచ్చినప్పుడల్లా ఆదివారం మౌవర్‌పార్క్ సంతలో, అట్టపెట్టెల ముందు మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా కూర్చుని ఏరుకున్నవి. సినిమాకు ఇంకా మాట రాని రోజుల్లో అక్కడి జనం అభిమాన నటుల ఫొటో కార్డులు కొనుక్కుని దాచుకునేవాళ్ళు, చుట్టాలకు పోస్టు చేసేవాళ్ళు. అరచేతికి కొంచెం పెద్దవి, అంతే.

మగవేషంలో నల్లబట్టలతో ఉన్నావిడ పేరు ఆస్టా నీల్సన్, డెన్మార్క్ ఆవిడ. 1921లో వచ్చిన సినిమాలో హామ్లెట్‌గా వేసింది. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసి జనాన్ని మురిపించారే, ఇది దానికి తిరగేసిన వ్యవహారం.

ఇక కార్డు కింద సన్నటి అక్షరాలు చూడండి, నాకు అసలు సరదా అక్కడే. "రోస్" (Ross) అని ఉంటే అది బెర్లిన్‌లో హైన్‌రిష్ రోస్ నడిపిన సంస్థ కార్డు. ఏళ్ళు గడిచేకొద్దీ నంబర్లు పెరుగుతూ పోతాయి కాబట్టి, నంబరు చూసి అది ఏ కాలందో దాదాపుగా చెప్పేయొచ్చు. రోస్ యూదుడు. నాజీల కాలంలో, 1937లో, సొంత సంస్థలోంచే ఆయన్ను వెళ్ళగొట్టారు. విచిత్రం ఏమిటంటే మనిషిని పంపించేశాక కూడా పేరు మాత్రం కార్డుల మీద ఉంచుకున్నారు, గిరాకీ ఉన్న పేరు మరి! 1941లో అదీ తీసేసి "ఫిల్మ్ ఫోటో ఫెర్లాగ్" అని మార్చారు. ఆయన అమెరికా వెళ్ళిపోయి 1957లో చికాగోలో పోయారు. మూకీల కార్డులన్నీ అంతకుముందువే అయినా, ఆ నాలుగక్షరాలు కనిపిస్తే నాకు ముందు హీరోయిన్ కాదు, ఆయనే గుర్తొస్తాడు.

పెద్ద కళ్ళాయన కొన్రాడ్ ఫైట్. 1920లో ముర్నావ్ అనే దర్శకుడు ఆయనతో "డెర్ యానుస్‌కొప్ఫ్" తీశాడు, ఈరోజు దాని ప్రింటు ఎక్కడా లేదు. అప్పటి ఫిల్ము ఇట్టే అంటుకునేది, లేదంటే డబ్బాలోనే కుళ్ళిపోయేది, అలా బోలెడు సినిమాలు పోయాయి. కోట్లు పోసి తీసిన బొమ్మ పోయి, చిల్లర డబ్బుల కార్డు మిగలడం చూడండి.

అసలు ఫొటోనో, అచ్చు వేసిందో తెలియాలంటే భూతద్దం పెట్టండి. అచ్చు బొమ్మలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, ఫొటో అయితే చుక్కలుండవు. కార్డును కాస్త వాల్చి చూస్తే నల్లటి చోట్ల వెండి మెరుపు కూడా ఉండొచ్చు. అది మచ్చ కాదు, ఫొటో కాగితంలోని వెండి పైకి తేలడం, బట్ట పెట్టి రుద్దకండి. జిగురు అసలే వద్దు. మొదట్లో నేను తెలివితక్కువగా ఓ పన్నెండు కార్డులు పుస్తకానికి అంటించేశాను, తర్వాత ఊడదీస్తే వెనకవైపు రాత అంతా పుస్తకంలోనే ఉండిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

వెనకవైపు అంత విలువ ఏమిటంటారా? స్టాంపు, రాత ఉండేది అక్కడే. 1923 చివర్లో జర్మనీలో డబ్బు విలువ ఎంత పడిపోయిందంటే, 50 మిలియార్డెన్, అంటే 5,000 కోట్ల మార్కుల స్టాంపు కూడా అచ్చేశారు. అలాంటి స్టాంపున్న కార్డు నాకింకా దొరకలేదు, టెన్షన్ లేదు, వెతుకుతూనే ఉంటాను.

సెలవులకు వచ్చినప్పుడు ఆల్బమ్ మీ చేతికే ఇస్తాను, చేతులు కడుక్కుని అంచులు పట్టుకోవాలి సుమా. వచ్చేటప్పుడు ఒక భూతద్దం తెండి. నాది మీ అమ్మమ్మ సూదిలోకి దారం ఎక్కించడానికని తీసుకుంది, తిరిగొచ్చే సూచనలు లేవు.

మీ తాతయ్య