ఆఫీసుకు ఐపీ ఫోన్లు కొనే ముందు: అపోహలు – వాస్తవాలు

ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఫోన్లు పెట్టడం నా పని. నన్ను అందరూ ముందు అడిగేది ఏ మోడల్ మంచిదని. నేను ముందు చూసేది మాత్రం రౌటర్.

అపోహ: నెట్ స్పీడ్ బాగుంటే కాల్ కూడా బాగుంటుంది.

వాస్తవం: కాల్‌కి పెద్ద స్పీడ్ అక్కర్లేదు. మాటను డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. ఎక్కువగా వాడే జీ.711 కోడెక్‌లో ఫోన్ మన మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ప్యాకెట్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే హెడర్లన్నీ కలుపుకున్నా ఒక్కో దిక్కుకు 87 కేబీపీఎస్ చాలు. పదిమంది ఒకేసారి మాట్లాడినా 1 ఎంబీపీఎస్ కూడా నిండదు. ఆ ప్యాకెట్లు ఆలస్యం లేకుండా, ఒకే వరసలో చేరాలి. చిక్కంతా అక్కడే. పక్క టేబుల్ మీద ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెడతారు, రౌటర్‌లో క్యూ పెరుగుతుంది, మాట దాని వెనకాల ఇరుక్కుంటుంది. అవతలివాళ్ళకి "హలో... విన... తోందా" అని తెగిపోతూ వినిపిస్తుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు. కాబట్టి ఫోన్ల మీద పెట్టే డబ్బులో కొంత, మాటకు ముందు దారి ఇచ్చే క్యూఓఎస్ ఉన్న రౌటర్ మీద పెట్టండి. కొనే ముందు ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగా ట్రయల్ ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి చూడండి. స్పీడ్ టెస్ట్‌లో బయటపడనిది ఇందులో బయటపడుతుంది.

అపోహ: ఒకవైపే వినిపిస్తోందంటే ఫోన్ పాడైనట్టే.

వాస్తవం: నేను వెళ్ళేసరికే ఒక ఆఫీసులో మూడు ఫోన్లు మార్చేశారు. రింగ్ అవుతుంది, ఎత్తితే మన మాట వాళ్ళకి వినిపిస్తుంది, వాళ్ళ మాట మనకి రాదు. సిప్ అనేది ఇంటర్నెట్ ఫోన్లు కాల్ కలుపుకునే పద్ధతి. రౌటర్ సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీ ఆన్‌లో ఉంది. సాయం చేయడానికని అది సిప్ మెసేజ్‌లలోని అడ్రసులను మారుస్తుంది. తప్పుగా మారిస్తే వాళ్ళ మాట మన ఫోన్‌కి చేరదు. ఆఫ్ చేసి రౌటర్ రీస్టార్ట్ చేశాక, తీసి పక్కన పెట్టిన మూడు ఫోన్లూ చక్కగా పనిచేశాయి. ఆ డబ్బు ఊరికే పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అపోహ: కరెంటు పోయినా ల్యాండ్‌లైన్‌లాగే మోగుతుంది.

వాస్తవం: మోగదు. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచి తీగలోనే వచ్చేది. ఐపీ ఫోన్‌కి మన దగ్గరే కావాలి. పీఓఈ స్విచ్ తీసుకుంటే నెట్ కేబుల్‌లోనే కరెంటు వెళ్తుంది, ఒక్కో ఫోన్‌కి అడాప్టర్ అక్కర్లేదు. మోడెమ్, రౌటర్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉంటే చాలు. మోడెమ్‌ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

అపోహ: పాత ఫోన్లన్నీ పారేయాలి.

వాస్తవం: మామూలు ఫోన్‌ని నెట్‌కి కలిపే ఏటీఏ అనే చిన్న పెట్టె పెడితే అవీ నడుస్తాయి. కొత్తవి కొంటే మాత్రం అవి ఒకే ప్రొవైడర్‌కి లాక్ అయినవేమో ముందే అడగండి.

అపోహ: చిన్న ఆఫీసుని ఎవరు హ్యాక్ చేస్తారు?

వాస్తవం: పనిగట్టుకుని మిమ్మల్నే ఎంచుకోరు. ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతా తిరిగి, డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చని ఫోన్ సిస్టమ్‌లను పట్టుకుంటాయి. రాత్రిపూటో సెలవు రోజో వాటిలోంచి విదేశాలకు కాల్స్ వెళ్తాయి, బిల్లు మీకు వస్తుంది. విదేశీ కాల్స్ అవసరం లేకపోతే లైన్ తీసుకున్న రోజే ప్రొవైడర్‌తో వాటిని ఆపించండి. అవసరమైతే రోజుకింత అని పరిమితి పెట్టించండి.