గోదారి బ్రిడ్జంటే ఏ బ్రిడ్జండీ?

రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్లే ఆటో. ఉదయం తొమ్మిది దాటింది. డ్రైవరు సెల్‌లో ఎఫ్ఎం మోగుతోంది. "గోదారి బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఫుల్లుగా ఉందట ఫ్రెండ్స్, కాస్త ముందే బయల్దేరండి" అంది ఆర్జే. డ్రైవరు అద్దంలోంచి మావైపు చూసి, "ఏ బ్రిడ్జో చెప్పదేంటండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రాజమండ్రి దగ్గర గోదావరి మీద నాలుగు వంతెనలున్నాయి. హేవలాక్ వంతెన మీద 1997లోనే రైళ్లు ఆగిపోయాయి. దాని బదులు వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి మీద రైళ్లు తప్ప ఇంకేం పోవు. ఇక ఆటోకి పనికొచ్చేవి రెండే: 1974 నాటి రోడ్ కం రైల్ బ్రిడ్జి, 2015లో తెరిచిన నాలుగో వంతెన. అవీ కాదంటే కిందికెళ్లి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కాలి. ఏది జామ్ అయిందో తెలిస్తేనే ఎటు తిప్పాలో తెలుస్తుంది. వెనక సీట్లో పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు: "ఆవిడ ఇక్కడుంటే గదండీ చెప్పడానికి!"

మన ఊరి రేడియోలో బయటివాళ్ల గొంతులేంటి అన్న గొడవ గోదావరి జిల్లాల్లో ఆగుతూ రేగుతూనే ఉంది. ఇప్పుడు మళ్లీ పైకి రావడానికి కారణం ఉంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌కి దక్కిన 22 పట్టణాల్లో కాకినాడ, ఏలూరు, భీమవరం ఉన్నాయి. మూడూ పాత ఉభయ గోదావరి జిల్లాలవే. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు వస్తాయనీ, కొత్త ఉద్యోగాలు పుడతాయనీ, స్థానిక మాండలికానికి ఊతం దొరుకుతుందనీ అప్పటి ప్రభుత్వ ప్రకటనలో రాశారు. మాండలికం అన్న మాట చూడగానే ఇక్కడి కుర్రాళ్లకి ఆశ పుట్టడంలో తప్పేముంది? ఆ ఉద్యోగాలు భీమవరంలో పుడతాయా, హైదరాబాద్‌లో పుట్టి భీమవరంలో వినపడతాయా అన్నదే పేచీ.

మద్రాసు కేంద్రం, 1948లో మొదలైన బెజవాడ కేంద్రం, పొలాల్లో రేడియో, పంచాయితీ అరుగు మీద రేడియో: ఈ కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అందులో ఒక్క సంగతి మాత్రం ఇప్పటి గొడవకి పనికొస్తుంది. 1984లో నాగర్‌కోయిల్‌తో ఆకాశవాణి 'స్థానిక రేడియో' అనే పద్ధతి మొదలుపెట్టింది. ఆ వరసలో మన వైపు అనంతపురం, కర్నూలు, మార్కాపురం, నిజామాబాద్ లాంటి ఊళ్లకి సొంత స్టూడియోలొచ్చాయి. గోదావరి జిల్లాలకి రాలేదు. అటు విజయవాడ, ఇటు విశాఖ కేంద్రాలు బాగానే వినపడేవి, ఇంకెందుకు అనుకున్నట్టున్నారు. వినపడటం వేరు, మాట్లాడటం వేరు. అలా డెల్టా రేడియో వినడానికి అలవాటుపడింది గానీ రేడియోలో మాట్లాడే చోటు దానికంటూ ఏర్పడలేదు.

ఆకాశవాణిలో ఇంకో అలవాటుండేది. క్యాజువల్ అనౌన్సర్లను తీసుకునేటప్పుడు ఆ కేంద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లనే రమ్మనేవారు. రాతపరీక్ష, ఆ తర్వాత వాయిస్ టెస్ట్. నెలకి ఆరు డ్యూటీలకి మించి ఇవ్వరు. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. అయినా తెల్లారి నాలుగున్నరకి సైకిలేసుకుని స్టూడియోకి చేరగలిగేవాడే అనౌన్సరు అన్న లెక్క ఒకటి దానిలో ఉంది. స్టూడియోనే లేని డెల్టాకి ఆ లెక్కా అందలేదు.

చాలామంది తప్పంతా ప్రైవేటు ఎఫ్ఎంలు రావడం మీద, అంటే 2005 నాటి రెండో దశ విధానం మీద తోస్తారు. నాకది సరిగ్గా అనిపించదు. ఆ దశలోనే రాజమండ్రికి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో చేసిన షోని యథాతథంగా తెచ్చి ఇక్కడ వేయడానికి వీల్లేదు. నెట్‌వర్కింగ్, అంటే ఒక స్టేషన్ కార్యక్రమాన్ని మరో స్టేషన్‌లో వినిపించడం, సి, డి తరగతి ఊళ్ల మధ్య మాత్రమే, అదీ ఒకే రీజియన్‌లో. మూడు లక్షల నుంచి పది లక్షల జనాభా ఉన్నవి సి తరగతి, అంతకు తక్కువైతే డి. కాబట్టి కంపెనీ ఎవరిదైనా, కన్సోల్ ముందు ఇక్కడో, ఇలాంటి మరో చిన్న ఊళ్లోనో ఒక మనిషి కూర్చోక తప్పలేదు.

ఆ మనుషుల్లో బయటివాళ్లూ ఉండేవాళ్లు. బెజవాడ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చి దానవాయిపేటలో రూమ్ తీసుకుని ఉన్నవాళ్లు. మొదటి నెల ఊళ్ల పేర్లు తప్పు చదివేవాళ్లు. శ్రోతలు ఫోన్ చేసి మరీ దిద్దేవాళ్లు. ఆరు నెలలు తిరిగేసరికి పుష్కరాల రేవుకీ కోటిలింగాల రేవుకీ తేడా తెలిసేది, ఏ వీధిలో పుల్లట్టు బాగుంటుందో తెలిసేది. వాళ్ల మీద ఎవరికీ కోపం లేదు. ఉన్నట్టు నాకెక్కడా కనపడలేదు కూడా.

అసలు మలుపు 2011 జులై 25. మూడో దశ మార్గదర్శకాలు ఆ రోజు వచ్చాయి. పత్రికలన్నీ విదేశీ పెట్టుబడి వాటా పెరగడం గురించీ, ఆకాశవాణి వార్తల్ని ఎఫ్ఎంలు తిరిగి వినిపించుకోవచ్చన్న దాని గురించీ రాశాయి. నెట్‌వర్కింగ్ నిబంధనని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సి, డి ఊళ్లు, ఒకే రీజియన్ అన్న కంచె తీసేసి, ఒక కంపెనీ తన స్టేషన్లన్నింటి మధ్యా దేశమంతటా కార్యక్రమాలు పంచుకోవచ్చు అన్నారు. ఒక్క వాక్యమే. దాంతో 'బయటివాణ్ణి ఎందుకు తెచ్చారు' అన్న ప్రశ్నకి అర్థం లేకుండా పోయింది. బయటివాణ్ణి తేవక్కర్లేదు, గొంతు ఒక్కటి పంపితే చాలు.

ఎలా పంపుతారో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. గాజు గదిలో ఒక అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. స్క్రీన్ మీద పాటల వరస. పాటకీ పాటకీ మధ్య మాట్లాడేదాన్ని లింక్ అంటారు. నాలుగు గంటల షోకి కావాల్సిన లింకులన్నీ గంటలోపే రికార్డు చేసేసింది. ఒక లింక్‌లో ఊరి పేరు వచ్చే చోట ఆగి, అదే వాక్యం మూడుసార్లు, మూడు ఊళ్ల పేర్లతో చెప్పింది. అదే నవ్వు, అదే సాగదీత. మూడో ఊరి దగ్గర దగ్గు వచ్చి మళ్లీ చెప్పింది. పని తెలిసిన అమ్మాయి, వేలెత్తి చూపడానికేం లేదు. ఆ మూడు ఊళ్లలో ఒకదానికి తనెప్పుడూ వెళ్లలేదని తర్వాత టీ తాగుతూ తనే చెప్పింది.

మరి స్థానికత గురించి నిబంధనల్లో ఏమీ లేదా అంటే, ఉంది. రోజు మొత్తం ప్రసారంలో కనీసం 20 శాతం స్థానిక కంటెంట్‌ని ప్రోత్సహించేలా ఉండాలి. 24 గంటలకి లెక్కేస్తే 4 గంటల 48 నిమిషాలు. కానీ ఆ మాట కంటెంట్ గురించి, మనిషి గురించి కాదు. సీఈఓ దేశంలో నివాసం ఉండాలని షరతు పెట్టినవాళ్లు, రాజమండ్రి శ్రోతతో మాట్లాడేవాడు రాజమండ్రిలో ఉండాలని రాయలేదు. 2006 నాటి కమ్యూనిటీ రేడియో విధానం ఇంతకంటే తెగించి, కనీసం సగం కార్యక్రమాలు స్థానిక జనం పాలుపంచుకుని తయారుచేసినవై ఉండాలంది. ఆ స్టేషన్‌కి అనుమతించే శక్తి వంద వాట్లు. మహా అయితే పది కిలోమీటర్లు. వాటి సంగతి మరోసారి.

స్టేషన్ నడిపేవాళ్ల వాదన కూడా చెప్పాలి. చిన్న ఊళ్లో ప్రకటనల ఆదాయం తక్కువ. బట్టల షాపు, నగల షాపు, ఇంటర్ కాలేజీ, రియల్ ఎస్టేటు: ఈ నలుగురి మీదే బండి నడవాలి. పండగ నెలలు పోతే వాళ్లూ వెనక్కి తగ్గుతారు. నాలుగు షోలకి నలుగురు ఆర్జేలని పెట్టుకుంటే జీతాలకే సరిపోతుంది. పైగా శ్రోతలు పెద్ద ఊరి ఆర్జే సరదాని ఇష్టపడతారని వాళ్లు అంటారు. ఇందులో కొంత నిజముంది.

నాకు మింగుడుపడనిది యాస సంగతి. నాకు తెలిసిన కుర్రాడొకడు అంబాజీపేట దగ్గరివాడు, డిగ్రీ అయ్యాక ఒక ఎఫ్ఎం ఆడిషన్‌కి వెళ్లాడు. పేజీ ఇచ్చి చదవమన్నారు, తర్వాత స్క్రిప్ట్ లేకుండా రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. వాడు కొబ్బరి దింపు గురించి మాట్లాడాడట. అందరూ నవ్వారు, బాగుందన్నారు. చివర్లో, "గొంతు బావుంది, కానీ ఆ అండీలూ ఆయ్‌లూ తగ్గించుకుని రా, న్యూట్రల్‌గా ఉండాలి" అని పంపించేశారు. వాడు ఇంటికొచ్చిన వారానికి అదే స్టేషన్‌లో హైదరాబాద్ ఆర్జే ఒకాయన 'గోదారి బాబాయ్' వేషం కట్టి "ఆయ్ అండీ, మరేటండీ" అంటూ జోకులేస్తున్నాడు. వాడి యాస ఉద్యోగానికి అడ్డం, ఆయన నోట్లో అదే కామెడీ. పైగా 'మరేటి' మా వైపు మాట కాదు, ఉత్తరాంధ్రది. ఆ తేడా పట్టుకునేవాళ్లు ఆ గదిలో లేరు.

పుట్టిన ఊరే అర్హత అని నేననను. అదే అయితే బెజవాడ రేడియో మనకి దక్కేదే కాదు. ఉషశ్రీ పుట్టింది అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో. ఆయన రామాయణ, భారత ఉపన్యాసాలు వినపడింది విజయవాడ నుంచి. బాలాంత్రపు రజనీకాంతరావు పుట్టింది నిడదవోలులో. మద్రాసులో రేడియో ఉద్యోగంలో చేరి, తర్వాత విజయవాడ కేంద్రానికి డైరెక్టరుగా చేశారు. కృష్ణ ఒడ్డున కూర్చుని మాట్లాడిన గోదావరి మనుషుల్ని అక్కడివాళ్లు బయటివాళ్లనలేదు. వాళ్లు అక్కడే ఉన్నారు, అక్కడి ఎండలో తిరిగారు. నా పట్టింపల్లా అదొక్కటే.

ఆ పట్టింపు ఎక్కడ పనికొస్తుందో వరదలప్పుడు తెలుస్తుంది. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు. కానీ వాతావరణం, ట్రాఫిక్, పరీక్ష ఫలితాలు, కరెంటు, మంచినీళ్లు, ప్రకృతి విపత్తుల గురించి స్థానిక యంత్రాంగం ఇచ్చే సమాచారం చెప్పుకోవచ్చని అదే మూడో దశలో రాసుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 తర్వాత అంత నీరు రాలేదు. దూరాన ఉన్నవాళ్లకి అదొక అంకె. లంకలో ఉన్నవాడికి కావాల్సింది వేరు: ఆ నీరు ధవళేశ్వరం చేరేదెప్పుడు, బ్యారేజీ దగ్గర 11.75 అడుగుల మొదటి హెచ్చరిక దాటిందా, 13.75 దాటి రెండోది ఎగరేశారా, 17.75 దాకా పోతుందా, చాకలిపాలెం నుంచి కనకాయలంక వెళ్లే కాజ్‌వే మునిగిందా, పడవ ఎక్కణ్ణుంచి వేస్తున్నారు, పశువుల్ని ఏటిగట్టు ఎక్కించాలా. పొద్దున్నే రికార్డు చేసిన లింక్ మధ్యాహ్నం పన్నెండుకి ఇవేవీ చెప్పడం కుదరదు. చెప్పాలంటే ఎవరో ఒకరు గట్టు మీదకి వెళ్లి చూసొచ్చి మైక్ ముందు కూర్చోవాలి, కనీసం ఫోన్ ఎత్తితే ఎవరిని అడగాలో తెలిసుండాలి.

కొత్తగా వచ్చే ఛానళ్లు కూడా మూడో దశ కిందే వస్తున్నాయి కాబట్టి 2011 వాక్యం వాటికీ వర్తిస్తుంది. మాండలికానికి ఊతం అన్న ప్రకటన ఒక పక్క, గొంతు ఎక్కణ్ణుంచైనా పంపుకోవచ్చన్న నిబంధన ఇంకో పక్క. ఇక స్థానికులకే ఉద్యోగాలివ్వాలని అడిగేవాళ్లలోనూ తిరకాసుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అమలాపురం వాడు కాకినాడలో స్థానికుడా, కాదా? నరసాపురం వాడు ఏలూరులో? దీని మీద ఇప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకుంటున్నారు, స్టేషన్లింకా రాకుండానే.

ఆ అంబాజీపేట కుర్రాడు మళ్లీ ఆడిషన్‌కి వెళ్లలేదు. టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర మైకు చూసుకుంటున్నాడు. ఏటా కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో వాడు మాట్లాడుతుంటే వినాలి. ఏ ఊరి ప్రభ కౌశిక కాలువ దాటుతోందో, ఏ గట్టున జనం ఒత్తిడిగా ఉన్నారో, తప్పిపోయిన పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఒక్కోటీ చెప్తాడు. పోయినసారి ఆ పిల్లాడి తల్లి మైకు దగ్గరికి పరిగెత్తుకొస్తే, "కంగారు పడకండమ్మా, బుడ్డోడు నా పక్కనే జీళ్లు తింటన్నాడండీ" అన్నాడు.