సోనార్ తగవుకు మూలం 2016 నాటి హామీ

విజయవాడ గాంధీనగర్, గవర్నరుపేట ప్రాంతాల్లోనూ గుంటూరు బ్రాడీపేటలోనూ ఉన్న చిన్న రికార్డింగ్ స్టూడియోల్లో పాత చర్చ మళ్లీ రాజుకుంది. ఏళ్ల తరబడి ఉచితంగా వాడుకున్న పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ‘కేక్‌వాక్ బై బ్యాండ్‌ల్యాబ్’ను 2025లో కంపెనీ ఆపివేసి అందరినీ కొత్త సోనార్ వైపు మళ్లించాక, ఆ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాటల గతి ఏమిటన్నదే ఆ చర్చ. కొత్త సోనార్‌కు ఉచిత రూపం ఉన్న మాట నిజమే కానీ, కొన్ని సౌకర్యాలు సభ్యత్వం కట్టినవారికే దక్కుతాయి. తగవు ఈ రుసుము గురించేనని అనుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది.

1987లో గ్రెగ్ హెండర్‌షాట్ కేక్‌వాక్ కంపెనీని ప్రారంభించిన నాటి ముచ్చట్లు వాడకందార్లందరికీ తెలిసినవే. సంగీత వాద్యాల కంపెనీ రోలాండ్ ఆధీనంలో ఉన్న కేక్‌వాక్‌ను 2013లో గిటార్ల కంపెనీ గిబ్సన్ తీసుకుంది. కథ మలుపు తిరిగింది 2016లో. కేక్‌వాక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సోనార్‌లో పై రకమైన ప్లాటినం కొన్నవారికి ఇకపై వచ్చే మార్పులన్నీ జీవితకాలం ఉచితమని ఆ ఏడాది ప్రకటించారు. ఆ మాట నమ్మి చాలామంది ఒకేసారి డబ్బు కట్టారు. హామీ ఏడాదిన్నర కూడా నిలవలేదు. వినియోగదారుల ఎలక్ట్రానిక్స్ వ్యాపారంపై దృష్టి పెడతామంటూ 2017 నవంబరులో గిబ్సన్ సోనార్ అభివృద్ధిని ఆపేసింది. 2018 మే నాటికి గిబ్సనే దివాలా రక్షణ కోరుతూ కోర్టు గడప తొక్కింది.

ఈలోగా, 2018 ఫిబ్రవరిలో, సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ టెక్నాలజీస్ రంగంలోకి వచ్చింది. అది కొన్నది కంపెనీని కాదు, కొన్ని ఆస్తులను, మేధో హక్కులను మాత్రమే. పొలం చేతులు మారినప్పుడు పాత ఆసామి కౌలుదారుకు నోటితో ఇచ్చిన మాట కొత్త ఆసామిని కట్టిపడేయదు. ఇక్కడా జీవితకాలపు హామీ పాత కంపెనీతోనే పోయింది. అయినా ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు, ఎందుకంటే అదే ఏప్రిల్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఆ సాఫ్ట్‌వేర్‌ను ‘కేక్‌వాక్ బై బ్యాండ్‌ల్యాబ్’ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. కొనుక్కున్న హక్కు స్థానంలో అనుమతి వచ్చిందన్న విషయం ఆ సంబరంలో కొట్టుకుపోయింది. ఉచిత ప్రతి నడవాలంటే అప్పుడప్పుడు ఖాతాలోకి వెళ్లి యాక్టివేషన్‌ను తాజా చేసుకోవాల్సి ఉండేది. గడువు దాటితే పాట తెరుచుకుంటుంది, వినిపిస్తుంది. సేవ్ చేయడానికి, ఎక్స్‌పోర్ట్ చేయడానికి మాత్రం వీలుండదు.

దీని బరువు స్టూడియోలో కూర్చుంటేనే తెలుస్తుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల పాటలు, దసరాకు దుర్గమ్మ పాటలు, ఎన్నికలప్పుడు ప్రచార గీతాలు చేసే చోట పాత ప్రాజెక్టు అంటే పెట్టుబడే. బాణీ, డప్పు, కోరస్ అలాగే ఉంచి ఊరి పేరున్న చరణాన్ని ఒక్కటే మళ్లీ పాడించి ఇవ్వమని నిరుటి గిరాకీ తిరిగి వస్తుంది. పాట మొత్తం దాచి ఉన్న ఆ సీడబ్ల్యూపీ (కేక్‌వాక్ ప్రాజెక్టు) ఫైలును వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరవడం కుదరదు. ప్రతి ట్రాకునూ పాట మొదటి క్షణం నుంచి వేవ్ ఫైలుగా దించుకుని, టెంపో రాసిపెట్టుకుని, మిక్సింగ్ మళ్లీ మొదటికి తెచ్చుకోవాలి. రికార్డింగ్ మధ్యలో అంతరాయం రాకూడదని కంప్యూటరుకు ఇంటర్నెట్టే ఇవ్వని స్టూడియోల వారికి ఈ ఖాతాల పద్ధతి మరీ తలనొప్పి.

కొనుగోలు తర్వాత వాడకందార్లు నడిరోడ్డున పడటం ఇదే మొదలూ కాదు. 2002 జులైలో ఎమాజిక్‌ను కొన్న యాపిల్, ఎమాజిక్ తయారుచేసిన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో విండోస్‌పై నడిచే రూపాన్ని ఆ సెప్టెంబరు చివరికల్లా ఆపేసింది. అది నచ్చకపోయినా కనీసం ఒకే దెబ్బతో తేలిపోయింది.

కంపెనీ వాదన వేరు. 2023 జూన్‌లో కొత్త సోనార్‌ను ప్రకటించినప్పటి నుంచి, నేటి తెరలకు తగినట్టు రూపాన్ని తిరగరాయడానికి, అభివృద్ధి కొనసాగడానికి రాబడి కావాలని అంటోంది. కొత్తదానిలో పాత ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కూడా.

అయితే ఆ తెరుచుకోవడం కంపెనీ తలుపు తీసి ఉంచినంత కాలమే. 2021లో మ్యూస్ గ్రూప్ ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని, వాడకం వివరాలు సేకరిస్తామన్నప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆడాసిటీ కోడు ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నందున, నచ్చనివారు దాన్నే తీసుకుని టెనాసిటీ పేరుతో వేరు కుంపటి పెట్టుకోగలిగారు. సోనార్ కోడుపై అలాంటి హక్కు 2016లో డబ్బు కట్టినవారికీ లేదు, 2018లో ఉచితంగా దించుకున్నవారికీ లేదు.