నీడలో ఉన్నది నలుపు కాదు

వారానికి ఒకరైనా వస్తారు, చనిపోయిన తండ్రిదో తాతదో తాము వేసిన చిత్రపటం చేతబట్టుకుని. "మాస్టారూ, పోలిక కుదిరింది గానీ ముఖంలో జీవం లేదు" అంటారు. చూడగానే సంగతి అర్థమవుతుంది. ఒంటిరంగు ట్యూబు ఒకటి కొన్నారు, నీడ కావలసిన చోటల్లా అందులో నలుపు కలిపారు. బుగ్గల కింద బూడిద పూసినట్టుంది.

నీడంటే అదే రంగు ఇంకాస్త నల్లగా వేయడమని ఎవరు పుట్టించారో! నీడలోనూ వెలుగుంటుంది, వేరే దిక్కు నుంచి వస్తుంది, అంతే. ఎండలో నిలబడిన మనిషి నీడవైపు భాగానికి ఆకాశమే దీపం. అందుకే అక్కడ నీలం, ఊదా తగులుతాయి. అదే మనిషిని ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఆకాశపు చల్లని వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. నీడవైపుకు గచ్చు, గోడలు తిప్పికొట్టిన కాంతి చేరి అది వెచ్చబడుతుంది, అంటే ఎరుపు, పసుపు వైపు మొగ్గుతుంది.

నేనూ తక్కువ తినలేదు. పొందూరులో గుమ్మం దగ్గర రాట్నం తిప్పుతున్న ఒక అవ్వ బొమ్మ వేస్తూ గడ్డం కింద అంబర్ అనే మట్టి గోధుమరంగులో నలుపు కలిపి దట్టించాను. ఆమె తొంగిచూసి, "నా మెడకు మసి పూశావేమిటి బాబూ?" అంది. సిగ్గుపడి మళ్లీ చూశాను. ఒడిలోని తెల్ల ఖద్దరు ఆకాశపు వెలుగును గడ్డం కిందికి విసురుతోంది, అక్కడ లేత నీలం. గదివైపు చెంప మీద ఎర్రగచ్చు ఛాయ. వేసిన రంగంతా కత్తితో గీకేశాను.

వెచ్చనంటే ఎప్పుడూ ఎరుపే, చల్లనంటే ఎప్పుడూ నీలమే అనేది మరో అపోహ. పక్కన ఏముందో చూడాలి: రా అంబర్ (కాల్చని అంబర్) ఎర్రమట్టి రంగు బర్న్‌ట్ సియెన్నా పక్కన చల్లన, కోబాల్ట్ నీలం పక్కన వెచ్చన. ఒంటిరంగు ట్యూబంటారా, ఎవరి ఒంటి రంగు? పిల్లల రంగు క్రేయాన్లు చేసే క్రేయోలా కంపెనీయే 1962లో ఆ పేరు తీసేసి 'పీచ్' అని పెట్టుకుంది. నల్లని ఒంటిలో రంగులు తక్కువనేది శుద్ధ అబద్ధం. చెమట పట్టిన నల్లని నుదుటి మెరుపులో దీపం రంగు ఇట్టే కనబడుతుంది.

రాత్రిళ్లు 2700 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) పసుపు బల్బు కింద రంగులు కలపకండి, లేత పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు.

మొన్న ఒక అమ్మాయి, తనకు రంగుల కన్ను లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. కన్నుకేమీ కాలేదమ్మా అని తెల్లకాగితం చేతికిచ్చి, ఎండలో ఒకసారి, చెట్టునీడలో ఒకసారి పట్టుకుని చూడమన్నాను. నలుపు ట్యూబు మాత్రం నెల్లాళ్లకు నా దగ్గర పెట్టుకున్నాను.